నలభై ఒకటో వరుస

గంగాభవాని ఆ ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో విజయభాస్కర్ ఆమెను పేరుతో పిలిచింది లేదు. "మైపాడూ, ఆ ఫైలు తే" అనేవాడు, పదిమందిలో, ముక్కు చిట్లించి. ఆమె నాయన ముత్యాలయ్య వాళ్ళ ఊరు మైపాడులో చేపలవేటకు పోతాడని అందరికీ తెలుసు.

నెల్లూరులో ఉన్న ప్రైవేటు కంపెనీ అది. యుద్ధనౌకల మీద బిగించే ఆయుధ వ్యవస్థలకు నౌకాదళం సర్టిఫికెట్ ఇచ్చేముందు, సముద్రంలో జరిగిన పరీక్షల రికార్డులు సరిచూసి నివేదిక రాసిస్తుంది. విజయభాస్కర్ ఆ పనికి పెద్ద. గంగాభవాని అందరికంటే చిన్న అనలిస్టు. వ్యవస్థ ఏమేం చేయాలో ఒక పట్టికలో ఉంటుంది. వరుస వరుసకీ రికార్డు తీసి చూసి, 'సరిపోయింది', 'సరిపోలేదు' అని రాయడమే ఆమె పని.

ఆ సోమవారం నలభై ఒకటో వరుస దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ వరుస ప్రకారం, మనదని ఒకసారి గుర్తించిన పడవను రాడార్ చివరిదాకా మనదిగానే చూపించాలి. పరీక్షకు వాడిన ఫైబర్ బోటు అలల్లో పడి పంతొమ్మిది సెకండ్లు తెరమీద లేకుండా పోయింది. తిరిగి కనిపించినప్పుడు దాని పక్కన 'శత్రువు' అని ఉంది. వీడియోలో అదే బోటు మీద నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు.

మూడుసార్లు చూసుకుని విజయభాస్కర్ దగ్గరికి పోయింది.

"సార్, ఇది ఫెయిలైంది."

"సముద్రమన్నాక అల లేవదా? సరిపోయిందని రాయి."

"మన బోటును శత్రువని చూపించింది సార్."

"పంతొమ్మిది సెకండ్లకు ఇంత రాద్ధాంతమా? బుధవారం నివేదిక పోవాల. ఇంత లోపలికి ఎవురూ చూడరు."

"ఎవరూ చూడకపోతే మనం ఉండేది దేనికి సార్?"

విజయభాస్కర్ కుర్చీలోంచి లేచినాడు.

"చేపలు ఏరుకునేదానివి, నువ్వు నాకు పని నేర్పిస్తావా? పో, రాయి."

పక్క సీటు కిషోర్ గొంతు తగ్గించి, "రాసెయ్ భవానీ. పోయినేడు ఎదురు మాట్లాడినాయన్ని నెల తిరక్కుండా పంపించేసినాడు" అన్నాడు.

ఆమె 'సరిపోలేదు' అని రాసి, ఫైలు మూసి బస్సెక్కింది.

ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్న ముత్యాలయ్య తలెత్తి చూసినాడు. "ఏంది మే, మొహం అట్టా ఉండాది?"

"ఏం లేదు నాయనా."

ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదని సంతకం పెట్టి ఉంది. నాయన పక్కన కూర్చుని, ఒడ్డున వరసగా లాగిపెట్టిన ఫైబర్ బోట్ల వంక చూస్తా ఉండిపోయింది.

మంగళవారం ఫైలు తెరిస్తే, ఆ వరుసలో 'సరిపోయింది' అని ఉంది. కింద ఆమె పేరే. మార్చబోతే ఫైలుకు తాళం వేసి ఉంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

బుధవారం సమీక్షకు నౌకాదళం నుంచి కమాండర్ రేవతి వచ్చింది. ఒక్కో వరుసా చదువుతూ, "నలభై ఒకటి. సరిచూసింది గంగాభవాని" అంది.

"అవును మేడమ్, అంతా సరిపోయింది" అన్నాడు విజయభాస్కర్.

వెనక గోడకానుకుని ఉన్న గంగాభవాని ముందుకొచ్చింది.

"నేనట్టా రాయలేదు మేడమ్. సరిపోలేదని రాసినాను. ఎవరో మార్చినారు."

"కొత్తపిల్ల మేడమ్, కంగారులో..." విజయభాస్కర్ నవ్వబోయినాడు.

"రికార్డు పెట్టండి" అంది రేవతి.

పెట్టినారు. తెరమీద బోటు మాయమై, శత్రువుగా తిరిగొచ్చింది. రేవతి ఫైలు మూసేసింది. "పరీక్ష మళ్ళీ జరగాలి. అప్పటిదాకా సర్టిఫికెట్ లేదు. ఈ వరుస ఎవరు మార్చారో నాకు రాతపూర్వకంగా కావాలి."

వరండాలో విజయభాస్కర్ ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. "నువ్విక్కడ ఎట్టా పనిచేస్తావో చూస్తా."

"చూడండి సార్."

చూపించినాడు. మూడురోజులు ఆమె పాస్‌వర్డ్ పనిచేయలేదు. సీటు బాత్రూము పక్కకు మారింది. టీకి అందరూ కలిసి లేచేవాళ్ళు, ఆమెను పిలిచేవాళ్ళు కాదు. కిషోర్ కూడా ఎదురుపడితే ఫోను చూసుకునేవాడు. ఎవరు మార్చారన్న దానికి 'కంప్యూటర్ పొరపాటు' అని కంపెనీ జవాబు రాసి పంపింది. ఎన్నిసార్లో రాజీనామా రాసి చెరిపేసింది.

నెల తర్వాత మళ్ళీ పరీక్ష జరిగింది. ఈసారి బోటు రెండుసార్లు శత్రువైంది. వ్యవస్థను నౌకాదళం దాన్ని తయారుచేసినవాళ్ళకే తిప్పి పంపేసింది. ఆ సంగతి ఆఫీసులో అందరికీ మెయిల్‌లో వచ్చింది. విజయభాస్కర్ వచ్చి ఆమె బల్లమీద సరిచూడాల్సిన కొత్త ఫైళ్ళ కట్ట దబ్బున పడేసి వెళ్ళిపోయినాడు.

అన్నిటికంటే లావు ఫైలు ముందు తీసుకుంది గంగాభవాని.