ముర్రుపాలు

మా అమ్మ జగ్గమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గోపాల్‌పూర్ రేవులో చేపల బేరానికి ఎవరొచ్చినా ఆ సంగతి తెలిసే వస్తారు. బరంపురం ఆసుపత్రిలో వదిన అమ్ములుకు పాప పుట్టిన మధ్యాహ్నం, అమ్మతో వాదించే పని నా నెత్తిన పడింది. అన్నయ్య కేరళలో బోటు మీదున్నాడు మరి.

ముర్రుపాలు పట్టించమని నర్సు ఒడియాలో చెబితే అమ్మ బుద్ధిగా తలూపింది. నర్సు అటు వెళ్ళిందో లేదో, పంచదార నీళ్ళ గ్లాసూ దూది వత్తీ బయటికి తీసింది. పచ్చగా వచ్చే మొదటి పాలు కుళ్ళుపాలని, తెల్లపాలు పడేదాకా పిండి పారబోయాలని మావాళ్ళ నమ్మకం. వదిన గోడవైపు తిరిగి పడుకుంది. తొలిచూలు బాబు నెల తిరగకుండానే విరేచనాలతో పోయాడు. ఈ పిల్లైనా దక్కుతుందా అన్నదే ఆమె భయం.

ల్యాబులో పనిచేసేదాన్ని, నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అరిస్తే అమ్మ ఇంకా బిగుసుకుంటుంది. పక్కన కూర్చుని మెల్లిగా చెప్పాను. పేగు లోపలి గోడ మీద కంటికి కనపడని చక్కెర పోగులుంటాయి. విరేచనాలు తెచ్చే పురుగులు చాలావరకు వాటిని పట్టుకునే అక్కడ నిలుస్తాయి. పట్టు దొరక్కపోతే కొట్టుకుపోతాయి. ఈ పచ్చపాలలో అలాంటి చక్కెరలే విడిగా తేలుతుంటాయి. పురుగు వాటినే పేగనుకుని పట్టుకుని, వాటితోపాటే బయటికి పోతుంది.

"మరి నా పంచదార నీల్లకేటొచ్చింది?"

"అది ఏరే పంచదారమ్మా. పురుగు దాని జోలికెల్లదు."

అమ్మ గ్లాసులోకి తొంగి చూసింది. నాన్న గాలానికి మెరుపు కాగితం కట్టి కోనాం చేపల్ని మోసం చేసేవాడు కదా, అలాంటిదేనా అని అడిగింది. అచ్చం అదేనన్నాను. గ్లాసు బల్ల మీద పెట్టేసి, పాపను తనే వదిన పక్కలో పడుకోబెట్టింది. పాప తడుముకుని తడుముకుని రొమ్ము అందుకుంది. హమ్మయ్య, గెలిచాననుకున్నాను.

అమ్మ మాత్రం దూది వత్తిని వేళ్ళ మధ్య నలుపుతూ ఉండిపోయింది.

"ఆ పోయిన పెద్దోడప్పుడు ఆ పాలు నానే గదే పిండి మట్టిలో పోసీసినాను" అంది.

నా కోపమంతా ఎటుపోయిందో. జబ్బులు సవాలక్ష ఉంటాయని, ఆ ఒక్కటే కారణమని ఎవరూ చెప్పలేరని ఏదో అన్నాను. అది నిజమే. అయినా అమ్మ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

వదిన పాప మీంచి చూపు తిప్పకుండానే అంది. "అత్తా, ఆ పంచదార నీల్లు నాకియ్యి. దాహమేస్తంది."

అమ్మ లేచి, కోడలి తల కింద చెయ్యి పెట్టి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగించింది.