ఎర్రపత్తి దిండు

తెల్లదోమ పత్తిచేలను మసి చేసిన ఏడాది, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, పరిశోధనా కేంద్రం నుంచి అంకమ్మరావు గారు తుమ్ముకుంటూ మా ఊళ్లో జీపు దిగారు. ఆయన విత్తనాలు సేకరించే శాస్త్రవేత్త. హైబ్రిడ్లు రాకముందు పర్చూరు చుట్టుపక్కల పండిన ఎర్రపత్తి ఆయనకు కావాలి. కాయ చిన్నది, దూది ఇటుకరంగు, కాని తెల్లదోమకు తట్టుకునేదట. ఆ గింజ దాచి ఉంచితే రేపు ఏ పురుగు వచ్చినా దాని బలంతో కొత్త వంగడం తయారు చేయవచ్చు. అది పోతే మళ్లీ ఎవరూ పుట్టించలేరు.

ఊరూరూ తిరిగారు. ఎవరి చేలోనూ లేదు.

"చేలో ఏడుంటదయ్యా?" అంది ముసలి ఎలీసమ్మ. "దిండ్లల్లో చూసుకో. మా కాలంలో దిండ్లన్నీ ఆ పత్తే."

అంకమ్మరావు గారు దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. నేను పనిచేసే బడి వరండా అడిగారు. ఆదివారం ఆరాధన అయ్యాక బల్లలు కలిపి వేయించి, ఇళ్లలో దిండ్లు తెమ్మని ఊళ్లో కబురు పెట్టాను. గట్టిగా కూరిన దిండులో గింజ చేతికి తెలియదనీ, చెవికే తెలుస్తుందనీ ఆయన అన్నారు. ప్రతి దిండు మీదా ముందు ఒక చెవి, తర్వాత రెండో చెవి ఆనించి పడుకునేవారు.

మధ్యాహ్నానికల్లా పక్క ఊళ్లకు వేరే కబురు పాకింది. పంట పోయి నిద్రపట్టని రైతులకు పరిహారం ఇస్తారనీ, అందుకే దిండ్లు పరీక్షిస్తున్నారనీ. బళ్ల మీద దిండ్లు వచ్చాయి.

"నా దిండు మీద కాసేపు ఎక్కువ పడుకోండి సార్," అన్నాడు దానయ్య. "చేను మొత్తం పోయింది."

"ఇది స్పాంజి దిండు కదయ్యా."

"స్పాంజి అయితే మాత్రం? నిద్ర పట్టాలి కదండీ."

మాబు సాహెబ్ దూది ఏకే మనిషి. ఊళ్లో దిండ్లన్నీ ఆయన చేతివే. ఏకే విల్లు భుజాన వేసుకొచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను ఏకిన దిండులో గింజ దొరికితే ఈ విల్లు విరిచి పొయ్యిలో పెడతా," అన్నాడు.

అంకమ్మరావు గారు దిండు మీంచి లేచి "లేదు" అన్నప్పుడల్లా సాహెబ్ గడ్డం సవరించుకునేవాడు. ఒకసారి ఆయన లేవలేదు. గింజ దొరికిందేమోనని అందరూ మూగారు. ఆయన నిద్రపోయారు.

మా ఇంట్లో దిండు సంగతి నేను చెప్పలేదు. సాహెబే చెప్పాడు.

"నా చెయ్యి పడని దిండు ఊళ్లో ఒకటుంది. మాస్టారి ఇంట్లోది. అమ్మగారు నన్ను పిలవకుండా సొంతాన కుట్టుకున్నారు."

మూడేళ్ల కిందట నా భార్య దేవకుమారి, వాళ్లమ్మ దొడ్లో కంచె వారగా మిగిలిన ఆఖరి మొక్కలు పీకేసేముందు వాటి పత్తి తెచ్చి మా ఇద్దరికీ చెరొక దిండు కుట్టింది. గింజలు చేత్తోనే తీసింది. ఓపిక ఉన్నంతవరకే తీసింది. నా కుడిచెవి కింద గింజలు గుచ్చుకునేవి. రోజూ చెప్పేవాణ్ని. "చెవి జరుపుకోండి," అనేది. కిందటి వానాకాలం ఆమె చనిపోయింది.

అంకమ్మరావు గారు మా ఇంటికి వచ్చి నా మంచం మీద పడుకున్నారు. కుడిచెవి ఆనించి వెంటనే లేచి కూర్చున్నారు.

"ఉన్నాయి," అన్నారు. "ఇలాంటిది ఇంకోటి ఉందా మాస్టారూ?"

"ఉందండి. మా ఆవిడ దగ్గర ఉంది."

"పిలవండి, అడుగుదాం."

మాబు సాహెబ్ దగ్గాడు. ఆ దిండు పెట్టెలో ఆమె తలకింద పెట్టి పంపామని చెప్పాను.

అంకమ్మరావు గారు తలవంచుకుని కూర్చున్నారు. "అయితే ఇది వద్దులెండి," అన్నారు. కాని చెయ్యి మాత్రం దిండు మీంచి తియ్యలేదు.

కిటికీలోంచి, పీకి కుప్పలు వేసిన నల్లటి పత్తికట్టె కనబడుతోంది. దిండు విప్పమని సాహెబ్‌తో చెప్పాను.

ఇటుకరంగు దూది మంచం నిండా పరుచుకుంది. గింజ తగిలినప్పుడల్లా సాహెబ్ "అబ్బ, అమ్మగారూ!" అని తల కొట్టుకున్నాడు. అంకమ్మరావు గారు దాన్ని దోసిలి పట్టి అందుకున్నారు. అన్నీ ఒక గుడ్డసంచిలో చేరాయి. సాహెబ్ దూదిని శుభ్రంగా ఏకి, కూరి, కుట్టి ఇచ్చాడు.

"ఇప్పుడు పడుకోండి మాస్టారూ. కలెక్టరు గారికి కూడా ఇట్టాంటి దిండు ఉండదు."

పడుకున్నాను. ఎక్కడా ఏమీ తగల్లేదు. లేచి కూర్చున్నాను.

"ఏందండీ, బాగాలేదా?"

"బాగుంది."

అంకమ్మరావు గారు సంచి మూతి కట్టబోతూ ఆగారు. "సేకరించిన దాంట్లో కొంత ఇచ్చినవాళ్ల దగ్గరే వదలాలి. మా పద్ధతి అది," అన్నారు. "మీకు పొలం ఉందా?"

"లేదండి."

"మరి ఎక్కడ వేస్తారు?"

దిండు చూపించాను.

ఆయన సాహెబ్ వైపు చూశారు. సాహెబ్ తన విల్లు వైపు చూసుకున్నాడు.

"మా తాత కాడ్నించి గింజలు తియ్యడమే గాని పెట్టడం ఎరగమండీ," అన్నాడు. సూది చేతిలోకి తీసుకుని, "ఊళ్లో ఎవరికీ చెప్పకూడదు," అన్నాడు.

"చెప్పం," అన్నారు అంకమ్మరావు గారు.

సాహెబ్ ఒక మూల కుట్లు విప్పి గింజల్ని వేలితో లోపలికి తోశాడు. పడుకుని చూశాను.

"తగిలిందా?"

"ఇంకాస్త కిందికి."

మళ్లీ తోశాడు. అంకమ్మరావు గారు కూడా వంగి, ఇందాక తన చెవికి తగిలిన చోటు ఎక్కడో గుర్తు చేసుకుని చూపించారు. మరోసారి పడుకున్నాను. ఇద్దరూ నా ముఖం వైపే చూస్తున్నారు.

"గుచ్చుకుంటోంది," అన్నాను.

సాహెబ్ కుట్టు ముడివేసి, దారం పళ్లతో తెంపాడు.