కాలరు జాకెట్టు కొలత

నేను ఒక కొలతల టేపును. టైలరు మెడలో వేలాడుతూ, మీ నడుము ఎంత పెరిగిందో మీకంటే ముందు తెలుసుకునేది నేనే. తెలిసినా పైకి అనను. ఒకే ఒక్కసారి, ఒక ఇల్లాలి గొంతు చుట్టూ తిరిగినప్పుడు, నాకూ నోరుంటే బాగుండుననిపించింది. ఆ సంగతే చెబుతాను.

ఎక్కడో ఫ్యాక్టరీలో గుడ్డ మీద పసుపు పూత పూసి, నల్ల అంకెలు అచ్చేసి, రెండు చివర్లకూ ఇత్తడి రేకులు బిగించి నన్ను బయటకు పంపారు. తుని బజారులో మస్తాన్ సాయిబు కొన్నాడు. పోయిన నెల చొక్కా కుట్టించుకున్న మనిషి మళ్లీ వచ్చినా సరే, నిలబెట్టి కొత్తగా కొలిచేవాడాయన. చూపు తగ్గాక కొట్టునూ నన్నూ శిష్యుడు నూకరాజుకు అప్పగించాడు.

నూకరాజుది జాకెట్ల పని. ఆడవాళ్ల ఒంటి మీద టేపు పెట్టే అలవాటు ఆ వీధిలో లేదు. సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తారు. అదే ఆది జాకెట్టు. బల్ల మీద దాన్ని పరిచి కొలవడమే నా పని. అతని భార్య వరాలుకూ అదే పద్ధతి. పెళ్లినాటి జాకెట్టొకటి కొట్టు వెనకే ఉన్న ఇంట్లో మేకుకు వేలాడుతుండేది. ఆవిడ జాకెట్లన్నీ దాని కొలతలే.

హుక్కులు, చేతికుట్టు వరాలు చూసుకునేది. మిషను కంటే ఆవిడ చెయ్యే ముందుండేది. అలాంటి మనిషిని ఏడాదిగా నిద్ర పట్టుకుంది. పొద్దెక్కినా లేవదు. లేచినా సూదిలో దారం ఎక్కించి, కత్తిరించిన ముక్కల మీదే తల వాల్చేస్తుంది. అత్త అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చుని, తన కోడలికి మంచమే మెట్టినిల్లని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేది. నూకరాజు మొదట చిక్కటి టీ పెట్టించాడు. తర్వాత రేడియో పెద్దగా పెట్టాడు. ఆ తర్వాత దిండు దాచేశాడు. దిండు లేకపోయినా నిద్ర వస్తుందని వరాలు చూపించింది.

చివరికి అతనికి ఇంకో ఆయుధం దొరికింది. జాకెట్ల కోసం ఎవరొచ్చినా, లోపలికి వినపడేలా, "రేపు రండమ్మా, మా ఆవిడ పడుకుంది" అనేవాడు. లోపల వరాలు కళ్లు తెరిచేది. తుడుచుకునేది. మళ్లీ మూసుకునేది.

మనుషుల తీరు నాకెప్పటికీ వింతే. కుట్టు తేడాగా ఉంటే విప్పి చూస్తారు. మనిషి తేడాగా ఉంటే తిట్టి చూస్తారు.

ఒకరోజు పెళ్లికూతురి జాకెట్లు ముహూర్తానికి అందలేదు. పెళ్లివారు కొట్టు ముందు నానా మాటలూ అని వెళ్లారు. ఆ సాయంత్రమే నూకరాజు తేల్చేశాడు. శుక్రవారం వరాలును ఎలమంచిలిలో పుట్టింట దింపేస్తాడు. మళ్లీ తీసుకొచ్చే మాట లేదు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు వణికింది. మెడలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది.

వరాలు తను వెళ్లే రోజుకు మెడ మూసేలా కాలరు జాకెట్టు ఒకటి కుట్టిమ్మంది, చలేస్తోందని. అది మే నెల. వీధికుక్కలు సైతం నీడ వదలని ఎండ.

నూకరాజు నవ్వబోయి ఆగాడు. ఆది జాకెట్టుకు కాలరు లేదు. మెడ కొలత ఎక్కడి నుంచి తేవాలి? భార్యను కిటికీ దగ్గర నిలబెట్టి, పెళ్లయ్యాక మొదటిసారి, నన్ను ఆవిడ మెడ చుట్టూ వేశాడు.

వెనక నుంచి సాఫీగానే వచ్చాను. గొంతు దగ్గరకొచ్చేసరికి ఎత్తెక్కాను. అక్కడ మెత్తగా, గుండ్రంగా ఏదో ఉంది. వరాలు గుటక వేసింది. అది నా కింద పైకి లేచి, మళ్లీ దిగింది. నూకరాజు నన్ను తీసి మళ్లీ వేశాడు. అంకె మాత్రం చూడలేదు.

"ఇదెప్పట్నుంచే?"

"ఏది మావా?"

"ఈ వాపు. నాకో మాట చెప్పొద్దేటి?"

వరాలు గోడకు ఆనుకుంది. అప్పటికే రెప్పలు వాలుతున్నాయి. "చెప్పాను కదా. జాకెట్లు బిగుతైపోతన్నాయన్నాను. నల్లపూసలు గొంతు పట్టేస్తన్నాయన్నాను. నువ్వు కుట్లు వదిలావు. మీయమ్మ, నల్లపూసలు తీసేశానని తిట్టింది."

శుక్రవారం వాళ్లిద్దరూ ఎలమంచిలి బస్సు ఎక్కలేదు, కాకినాడ బస్సు ఎక్కారు. నన్ను మెడలోంచి తీయడం మరిచి నూకరాజు అలాగే ఆసుపత్రికి వచ్చేశాడు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ అంది. ఆ నిద్ర, ఆ చలి, ఆ ఒళ్లు చేయడం అన్నీ దాని పనేనట. రోజూ పరగడుపున ఒక మాత్ర. రేపటికి మామూలుగా లేస్తుందా అని నూకరాజు అడిగాడు. నెలలు పడుతుందని, ఓపిక పట్టాల్సింది ఆవిడ ఒక్కతే కాదని డాక్టరమ్మ చెప్పింది.

పట్టాడు. పొద్దున్నే మాత్ర, నీళ్లు తనే అందించాడు. హుక్కులు కుట్టడం నేర్చుకున్నాడు, వంకరగానే అనుకోండి. అచ్చియ్యమ్మ నాలుగు రోజులు గొంతు తగ్గించి, అయిదోరోజు కొడుకును పిలిచింది.

"ఒరే, నాకూ పొద్దుటే లేవబుద్ధి కావట్లేదు. నా మెడ కూడా ఓసారి సూడు."

ఆది జాకెట్టు ఇప్పుడు మిషను నూనె తుడిచే గుడ్డ. నా అంకెలు సగం చెరిగాయి. కొట్లోకి కొత్త టేపు వచ్చింది. నన్ను ఇంట్లో, ఒకప్పుడు ఆది జాకెట్టు వేలాడిన మేకుకే తగిలించారు. వరాలుకు జాకెట్టు కుట్టాలంటే మాత్రం నన్నే దించుతాడు, ప్రతిసారీ కొత్తగా కొలుస్తాడు.

వరాలు చాలావరకు మునుపటి మనిషైంది. అయినా ఒక్కోరోజు నిద్ర గెలుస్తూనే ఉంటుంది. మొన్న మధ్యాహ్నం మంచం మీద కూర్చోబెట్టి కొలుస్తుండగానే అతని భుజం మీద తల వాల్చేసింది. నూకరాజు నన్ను తీయలేదు, తనూ కదలలేదు. వీధిలోంచి ఎవరో, జాకెట్లు అయ్యాయా అని కేకేశారు.

"రేపు రండమ్మా," అన్నాడు, అతని చేతిలో ఉన్న నాకే సరిగా వినపడనంత మెల్లగా. "మా ఆవిడ పడుకుంది."