బీరువా మీద ఉన్నవి

ఆ గదికి తాళం లేదు. కాబట్టి లోపల ఒక మనిషి బందీగా ఉన్నదని ఎవరూ అనుకోలేదు.

ఆమె వీధివారందరికీ టైలరమ్మ. కింది అంతస్తులోని కుట్టు కొట్టును అద్దెకిస్తానని కొడుకు అన్నప్పుడు, "నా ఊపిరున్నంత వరకూ ఆ మిషను కదలదు" అన్నది. ఆ తరువాత ఒకసారి మెట్ల మీద జారింది. మళ్ళీ పడుతుందని చేతికర్రను బీరువా మీద పెట్టారు. నడక లేక కాళ్ళు బిగుసుకుంటే, ఇక నడవలేదన్నారు. పగులుతాయని కళ్ళద్దాలు, పాడవుతుందని వినికిడి యంత్రం కూడా బీరువా మీదికే చేరాయి. వినబడక ఒకదానికి మరొకటి చెబితే, మతి పోయిందన్నారు. మతి లేని మనిషిని అడిగేదేముంది? కొట్టు అద్దెకు పోయింది. ప్రతి పనికీ ఒక ప్రేమగల కారణం ఉండడమే ఆ నిర్బంధంలోని నేర్పు.

రక్తపోటు చూడడానికి అప్పుడప్పుడు ఒక నర్సు వచ్చేది.

"ఎలా ఉన్నారు, పెద్దమ్మా?"

"బాగానే ఉన్నారు సిస్టర్," అనేది కోడలు. "మా అత్తయ్యకి లోకం తెలీదు కదా, పాపం. ఏదో పలవరిస్తుంటారు."

ప్రశ్న అత్తగారికి, జవాబు కోడలిది. అందులోని తేడా నర్సుకు చాలాకాలం తట్టలేదు.

ఒకనాడు నర్సు వంగి టైలరమ్మ చేతికి రక్తపోటు పట్టీ చుడుతుండగా, నర్సు కోటు చంక దగ్గర విడిపోయిన కుట్టు ఆ ముసలి వేళ్ళకు తగిలింది.

"ఎవరే ఇది కుట్టింది? చేత్తోనా, కాలితోనా? విప్పియ్యి. సూది తెమ్మను."

కోడలు నవ్వింది. "చూశారా, మళ్ళీ మొదలు."

నర్సు నవ్వలేదు. కుట్టు నిజంగానే విడిపోయింది. తడిమి చిరుగు కనిపెట్టిన మనిషికి మతి లేదా?

"కాస్త సూది తెచ్చిపెట్టండమ్మా," అంటూ కోటు విప్పింది. కోడలు కిందికి వెళ్ళక తప్పలేదు.

నర్సు తలుపు మూసి, దగ్గరికి వచ్చి, వినబడుతోందా అన్నట్టు తన చెవిని వేలితో చూపింది. టైలరమ్మ చెయ్యి బీరువా వైపు లేచింది. నర్సు కుర్చీ ఎక్కింది. కర్ర, కళ్ళద్దాలు, యంత్రం ఒకే గుడ్డలో పొందికగా చుట్టి ఉన్నాయి. యంత్రం చెవికి పెట్టగానే టైలరమ్మకు మొదట వినబడినది మెట్ల మీద కోడలి అడుగుల చప్పుడు.

"తలుపు తియ్యకే, తల్లీ," అన్నది. "ముందు నన్ను అడుగు."

నర్సు గడియ పెట్టింది. ఎప్పుడూ అడిగే మాటే అడిగింది. "ఎలా ఉన్నారు, పెద్దమ్మా?" ఈసారి జవాబు కోసం ఆగింది. బయట కోడలు తలుపు కొడుతూనే ఉంది.

పాఠకులారా, శ్రద్ధ అనే వేషంలోనే ఎన్నో దౌర్జన్యాలు సాగుతాయి. పెద్దవారి క్షేమం వారినే, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి; జవాబు వారి నోట వినేదాకా ఆ గది వదలకండి.