అలెగ్జాండరు మింగేసిన వన్స్‌మోర్

భుజంగం చేతులకు సంకెళ్ళు ఉన్నాయి, అవి అట్టతో చేసి వెండికాగితం అంటించినవే అయినా ఎంత గుంజినా ఊడి రావడం లేదు, కాళ్ళ కింద ఉన్నది రేపల్లె నాటక పరిషత్తు వేదికలాగే ఉంది గాని రెండడుగులు వేస్తే చెక్కల సందుల్లోంచి నీళ్ళు ఉబికి పెద్ద నది రేవవుతోంది, ఆ నది జీలమో కృష్ణో తేల్చుకునేలోగా అవతలి ఒడ్డున రైలు కూస్తోంది. నది నడిమధ్య కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, నెత్తిన ఇత్తడి టోపీతో అంకినీడు కూర్చుని ఉన్నాడు. మొన్న మాఘంలో అంకినీడు చచ్చిపోయాడని భుజంగానికి గుర్తుంది. పాడె మోసినవాళ్ళలో తనూ ఒకడు. అయినా ఇక్కడ అదేమంత పెద్ద సంగతిగా అనిపించడం లేదు.

"ఏరా భుజంగం, ఇంకా పురుషోత్తముడి వేషంలోనే ఉన్నావేందిరా?" అంటాడు అంకినీడు.

"నువ్వు చచ్చి కూడా అలెగ్జాండరు వేషం విప్పలా గదన్నా," అంటాడు భుజంగం.

వయసులో ఉన్నప్పటినుంచీ వీళ్ళిద్దరూ కలిసి ఆడింది ఆ ఒక్క నాటకమే. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, సొంత ఊళ్ళో చక్కగా పడి ఉండక, కాలికి బలపం కట్టుకుని దేశాల మీద పడి, రమ్మన్నవాడు లేకపోయినా వచ్చి అందరినీ జయించి, ఇల్లు చేరకుండానే జ్వరం తగిలి పడుచుతనంలో పోయిన ఆ యవనుడి కథ. ఆ ఘనుడికేమో ఈలలూ పూలదండలూ, తన నేల తాను కాపాడుకోబోయి ఓడిన పురుషోత్తముడికేమో సంకెళ్ళూ ఒక పద్యమూ. పైగా ఆ దండెత్తి వచ్చినవాడే దయతలచి "నిన్ను ఎలా గౌరవించమంటావు?" అని అడగడం, "రాజు రాజును గౌరవించినట్టు" అని ఇతను చెప్పడం, ఎవరి రాజ్యం వాళ్ళకే దానమిచ్చిన ఆ పెద్దమనిషి ఔదార్యానికి జనం కళ్ళనీళ్ళు పెట్టుకోవడం. ఆ భాగోతం తలుచుకుంటే భుజంగానికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"నీ పేరున నాటకం వేస్తారంట," అంటాడు భుజంగం, నీళ్ళలో నిలబడే. "నీ టోపీ మా ఇంటికి పంపారు పరిషత్తువాళ్ళు. నన్ను అలెగ్జాండరు వెయ్యమంటన్నారు. సాయంత్రం వచ్చి మాట తీసుకుపోతారంట."

"వెయ్యి మరి. నువ్వుగాక ఆ వేషం మొయ్యగలిగినోడు ఎవుడున్నాడు? నా పేరు నిలబడాలి గదరా."

భుజంగం మూతి తిప్పుకుంటాడు గాని, టోపీ ఇంటికి వచ్చినప్పటినుంచీ అతని మనసు ఊగుతూనే ఉంది, ఒక్కసారైనా చేతులకు సంకెళ్ళు లేకుండా వేదిక నడుమ నిలబడాలని ఉంది, ఆ దిక్కుమాలిన కోరిక ఇంకా చావనందుకు తనమీద తనకే రోతగా ఉంది.

"మీ అలెగ్జాండరుకి పేరు పిచ్చి ఇంకా తీరలేదా అన్నా? పోయిన చోటల్లా ఊరికి తన పేరే తగిలించాడంట గదా."

"తగిలించాడు, నిలబడింది. సికింద్రాబాదు పేరు ఎవరిది?"

"ఎవరో నవాబుది."

"నవాబుకి ఎక్కడిది? సికిందరంటే మా అలెగ్జాండరే గదరా. మీ ఆవిడ కీళ్ళనొప్పులకి యునానీ మందు మింగలా? యునానీ అంటే యవనులదనే గదా. అదుగో, ఆ తెర చూడు. యవనిక. అదీ మా పేరేనంటారు పండితులు."

అతను చెయ్యెత్తిన చోట ఆకాశంలోంచి తెర దిగుతుంది, ఆరేసిన చీరలాగా గాలికి కొట్టుకుంటూ నదికి అడ్డంగా వేలాడుతుంది.

"మా పేరేంది నీ మొహం! నువ్వు పుట్టింది భట్టిప్రోలులో," అంటాడు భుజంగం. "తెర మాట వచ్చింది గాబట్టి అడుగుతున్నా. నా వన్స్‌మోర్ ఏం చేశావు?"

పద్యనాటకం చూసినవాళ్ళకు ఆ ముచ్చట తెలుసు. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు, కథ ఉన్నచోటే ఆగుతుంది, నటుడు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటాడు. చచ్చిపోయిన పాత్రయినా సరే లేచి, బట్టలు దులుపుకుని, పాడి, మళ్ళీ చస్తుంది. అలెగ్జాండరు వేషంలో జ్వరం మంచం మీద అంకినీడు అలా చచ్చి ఎన్నిసార్లు లేచాడో చెప్పలేం. భుజంగానికి మాత్రం బతుకంతటికీ ఒక్కసారి, ఈ రేపల్లెలోనే, సంకెళ్ళ పద్యానికి జనం లేచి నిలబడి అరిచారు. అతను ఊపిరి పీల్చి రాగం ఎత్తబోయేంతలో అలెగ్జాండరుగారు గబగబా ముందుకొచ్చి, వెలుతురంతా తనమీదే పడేలా అడ్డంగా నిలబడి, తన మాటలు అందుకున్నారు. తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆ కేక మళ్ళీ రాలేదు.

"దానికేంరా, ఇప్పుడిస్తా," అని అంకినీడు కుర్చీలోంచి లేస్తాడు, నీళ్ళమీద నడిచి వస్తాడు, వస్తున్నకొద్దీ పెద్దవాడై, ఎదురుగా వచ్చి నిలబడేసరికి పైనున్న దీపమో సూర్యుడో అతని టోపీ వెనక్కి పోయి భుజంగం మీద నల్లటి నీడ పడుతుంది. అప్పుడు గొంతు మార్చి, "పురుషోత్తమా! నిన్ను ఎలా గౌరవించమంటావు?" అంటాడు.

అలవాటు కొద్దీ పాత జవాబు భుజంగం నాలుక చివరికి వస్తుంది. అతను దాన్ని మింగేస్తాడు. దోచుకున్నవాడి దగ్గర మర్యాద అడగడం కూడా ముష్టెత్తడమేనని, ఇన్నాళ్ళూ ఆ ముష్టిని తాను గంభీరంగా, ఛాతీ విరుచుకుని ఎత్తానని అతనికి తెలుస్తుంది, తెలిసి సిగ్గేస్తుంది.

"వెలుతురుకి అడ్డం జరుగు," అంటాడు.

అంకినీడు పకపకా నవ్వుతాడు. "ఆ మాటా ఆ యవనులదేరా పిచ్చోడా! ఏం కావాలో కోరుకోమని అలెగ్జాండరు అడిగితే, గాబులో కాపురమున్న ముసలాడొకడు ఎండకి అడ్డం జరగమన్నాడంట. వాణ్ణి ఈసడించడానికి కూడా వాళ్ళ మాటే తెచ్చుకున్నావు గదరా!"

భుజంగానికి తల కొట్టేసినట్టవుతుంది. కాసేపు నీళ్ళు అతని మోకాళ్ళ చుట్టూ తిరుగుతాయి, రైలు మళ్ళీ కూస్తుంది.

"అయితే ఆ దేశం మొత్తంలో మనిషి అనదగినోడు ఆ ముసలాడొక్కడే," అంటాడు చివరికి. "ఊళ్ళు తగలబెట్టినోడి పేరు పిల్లలకి పెట్టుకున్నాం, పట్నాలకి పెట్టుకున్నాం. ఆ ముసలాడి పేరు కుక్కపిల్లకైనా పెట్టామా? సిగ్గుండాలి మనకి. మాట ఎవరిదైతే నాకేంది, నువ్వు జరుగు."

అంకినీడు నవ్వు ఆగిపోతుంది. టోపీ కింద మొహం ఆసుపత్రి మంచం మీదున్నప్పటి మొహంలా అయిపోతుంది. "అక్కడెవరూ వన్స్‌మోర్ అనరురా," అంటాడు సన్నటి గొంతుతో. "ఒకసారి చస్తే చచ్చినట్టే."

భుజంగానికి జాలేస్తుంది, కాని అన్న మాట వెనక్కి తీసుకోడు. అంకినీడు టోపీ తీసి చంకలో పెట్టుకుని, బస్సు తప్పిపోయిన ముసలివాడిలా మెల్లిగా పక్కకు జరుగుతాడు, వెలుతురు వచ్చి భుజంగం మొహాన పడుతుంది, సంకెళ్ళు తడిసిన అట్టలా జారిపోతాయి, అతను పద్యం ఎత్తుకుంటాడు, ఒక్కో పాదం తేలిగ్గా పైకి పోతుంది, ఆఖరి పాదం దగ్గర గొంతు ఎక్కడో చిక్కుకుంటుంది.

కళ్ళు తెరిస్తే మధ్యాహ్నపు ఎండ మొహం మీద పడుతోంది. భోజనం చేసి పడక కుర్చీలో వాలేటప్పుడు కిటికీలో పెట్టిన ఇత్తడి టోపీ అక్కడ లేదు. బయట వాకిట్లో కోడలు హైమ వడియాలు పెట్టిన పాత చీర మూలల మీద బరువులు పెడుతోంది. మిగతా మూలల్లో రాళ్ళున్నాయి, కిటికీ వైపు మూలలో అంకినీడు టోపీ ఉంది.

"గాలికి గుడ్డ లేచిపోతంది మావయ్యా. రాయి దొరక్క కిటికీలో దీన్ని తెచ్చి పెట్టా," అంది హైమ. "పరిషత్తువాళ్ళు వచ్చేలోపల తుడిచి ఇస్తాలెండి."

"ఉండనియ్యమ్మా. దాని బతుక్కి అంతకంటే మంచి పని దొరకదు. వాళ్ళొస్తే పురుషోత్తముణ్ణే వేస్తానని చెప్పు."

హైమ తలూపి, వడియాల మీద వాలబోయిన కాకిని అదిలించింది. "ఇందాక నిద్దట్లో పద్యం పాడారు మావయ్యా, బాగుంది. ఆఖరి ముక్క వినపడలా. మళ్ళీ పాడండి."

భుజంగం కుర్చీలోంచి లేచాడు. పంచె దులుపుకున్నాడు. గొంతు సవరించుకుని, మొదటినుంచి ఎత్తుకున్నాడు.