ఆర్నే ఎడమ పక్కన

ఆర్నే టాలెఫ్‌సన్‌కి మాట్లాడటం పెద్దగా చేతకాదు. మిన్నెసోటాలో వాళ్ల ఊళ్లో దాన్నెవరూ లోపంగా ఎంచరు. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో అతను సెంటర్, ముందువరస ఐదుగురిలో నడిమివాడు. వంగి కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందించడం, ఆ మరుక్షణమే ఎదురుగా దూసుకొచ్చే కొండలాంటి మనిషిని అడ్డుకోవడం అతని పని. బంతి విసిరేవాడి పేరు పేపర్లో పడుతుంది. అడ్డం నిలబడ్డవాళ్ల పేర్లు వాళ్ల అమ్మలకే గుర్తుంటాయి.

ఆఖరి ఏడాది అతని ఎడమ పక్కకి తవీటా వచ్చి చేరాడు. ఊరు అమెరికన్ సమోవా, సముద్రం మధ్య దీవి. తలుపులో పట్టనంత మనిషి. స్నానాల గదిలో పాట, బస్సులో పాట, ఓడిపోయి తిరిగొస్తున్నప్పుడూ పాటే. ఆ పాటలకి కొదవ లేకుండా జట్టు వరసగా నాలుగు ఆటలు ఓడింది.

"ఓడిపోయాం కదరా, కాసేపు నోరు మూసుకోకూడదూ?" అన్నాడు ఆర్నే ఒకరోజు బస్సులో.

"మూసుకుంటే గెలిచినట్టు రాస్తారా అన్నా?"

ఆర్నే కిటికీ వైపు తిరిగిపోయాడు. నవ్వొస్తే కనబడకూడదని.

ఐదో ఆట గెలిచారు. గెలిచిన మర్నాడే తవీటా తాత పోయాడని కబురొచ్చింది. వాణ్ని చిన్నప్పట్నుంచీ పెంచింది ఆ తాతే. ఆ దీవికి విమానాలు తక్కువ. ఎంత తంటాలు పడినా మట్టి చేసే వేళకి అందుకోలేడు. కోచ్ బ్రీమర్ స్వయంగా విమానాలవాళ్లందరికీ ఫోన్లు చేసి చూశాడు. చివరికి టోపీ తీసి చేత్తో పట్టుకుని, "కుదరట్లేదు నాయనా" అన్నాడు.

తవీటా పాట ఆగిపోయింది. ఆ శనివారం ఆటలో వాడి అడుగు ప్రతిసారీ ఆలస్యంగా పడింది. వాడి పక్కనుంచే అవతలివాళ్లు దూరి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని నేలకేసి కొట్టారు. వాణ్నెవరూ తిట్టలేదు. దగ్గరికీ ఎవరూ వెళ్లలేదు. ఏమని వెళ్తారు?

ఆ సాయంత్రం ఆర్నే ఇంటికి వెళ్లాడు. వాళ్ల ఇల్లూ పాడి ఆవుల కొట్టమూ కాలేజీకి ఎంతో దూరం కాదు. అన్నీ విన్నాక వాళ్లమ్మ జూడిత్ అడిగింది. "మరి నువ్వేమన్నావు ఆ పిల్లాడితో?"

"ఏమనాలో తెలీలేదమ్మా."

"మీ తాత పోయినప్పుడు నీతో ఎవరేమన్నారో గుర్తుందా?"

"లేదు."

"ఎవరూ ఏమీ అనలేదు గనక. వండినవి పట్టుకొచ్చి కూచున్నారు, అంతే." మాంసం మీద బంగాళాదుంపలు పేర్చి కాల్చిన పళ్లెం పొయ్యిలోంచి తీసి, తువాలు చుట్టి కొడుకు చేతుల్లో పెట్టింది. "వెళ్లు. చల్లారితే బాగోదు."

తవీటా గదిలో దీపం కూడా వేసుకోలేదు. ఆర్నే దీపం వేసి, పళ్లెం మధ్యలో పెట్టి, నేలమీద చతికిలబడ్డాడు. ఇద్దరూ చెరో చెంచాతో తిన్నారు. అడుగు కనబడ్డాక తవీటా నోరు విప్పాడు.

"రేపు చర్చి నుంచి వచ్చాక మావాళ్లంతా తాత ఇంట్లో చేరతారన్నా. ఆయన పాట పాడతారు. నాలుగు గొంతులు కలవాలి దానికి. కింది గొంతు నాది. ఆయనే నేర్పాడు." చెంచాతో పళ్లెం అడుగు గీకాడు. "ఫోన్లో చూడమంది నానమ్మ. ఒక్కణ్నే కూచుని ఎలా చూడను?"

"నాకు పాట రాదు" అన్నాడు ఆర్నే.

"తెలుసు. చర్చిలో నీ పక్కన నిలబడ్డాగా."

ఆర్నే లేచి బయటికి పోయాడు. కాసేపటికి ముందువరసలో ఆడే మిగతా ముగ్గుర్నీ వెంటేసుకొచ్చాడు. ఒకడింకా చెప్పులైనా వేసుకోలేదు. "నేర్పు" అన్నాడు ఆర్నే.

నేర్చుకోవడమంటే అంత సులువా? ఆ భాషలో మాటలన్నీ అచ్చులే, నోట్లోంచి జారిపోతాయి. తవీటా ఒక్కొక్క ముక్కా పలికించి, ఒకచోట పట్టలేక నవ్వేశాడు. "అన్నా, నువ్వు దేవుణ్ని పంది అన్నావు ఇప్పుడు." వారం తరవాత అదే మొదటి నవ్వు.

మర్నాడు ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ ఉదయం. ఫోన్‌ని పుస్తకాల మీద నిలబెట్టి ఐదుగురూ భుజాలు రాసుకుంటూ ఎదురుగా నిలబడ్డారు. అవతల తెల్లబట్టల్లో ఇంటినిండా జనం. పాట మొదలైంది. తవీటా గొంతు రెండో చరణంలో తెగిపోయింది. అప్పుడు ఆర్నే, శ్రుతీ లయా ఏమీ లేకుండా, ఆ కింది గొంతుని అలాగే పట్టుకుని లాగాడు. మిగతావాళ్లు వెనకే వచ్చారు. తవీటా మళ్లీ అందుకునేదాకా వదల్లేదు.

పాటయ్యాక నానమ్మ కళ్లు తుడుచుకుని ఫోన్ దగ్గరికి వంగి ఏదో అంది.

"ఏమంటోంది?"

"ఆ తెల్లబ్బాయి బక్కచిక్కి ఉన్నాడు, తిండి పెట్టట్లేదా అంటోంది."

నూట ముప్పై కిలోల ఆర్నే జీవితంలో ఆ మాట వినడం అదే మొదలు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఆ తరవాత మరో రెండు ఆటలు గెలిచారు, మిగిలినవి పోయాయి. నవంబర్లో ఆఖరి ఆట, ఆర్నేకి కాలేజీలోనే ఆఖరిది, మంచులో పడింది. ఎలాగూ ఓడిపోతున్నారు. బంతి దాటిస్తే పాయింట్లొచ్చే గీతకి గజం దూరంలో ఉండగా కోచ్, "ఎటువైపు వెళ్దాం?" అనడిగాడు.

"మా ఇద్దరి మీదుగా" అన్నాడు ఆర్నే. అడక్కుండా అతను కోచ్‌తో మాట్లాడటం నాలుగేళ్లలో ఎవరూ వినలేదు; అడిగినా ఇంత చప్పున చెప్పడం అసలే వినలేదు.

ఆర్నే, తవీటా కలిసి తోశారు. గజం వచ్చింది, దాని వెనక ఇంకో రెండూ వచ్చాయి. బంతి పట్టుకున్నవాడు వాళ్ల వీపుల మీద పడి గీత దాటాడు. అయినా ఆట పదకొండు పాయింట్ల తేడాతో పోయింది.

జనం వెళ్లిపోయాక కూడా ఆర్నే మైదానంలోనే ఉన్నాడు. మంచు భుజాల మీద పేరుకుంటోంది. తవీటా వచ్చి పక్కన, ఎప్పుడూ నిలబడే వైపే నిలబడ్డాడు. వాడికి చలికి పళ్లు టకటకలాడుతున్నాయి.

"లోపలికి పోరా, గడ్డకట్టుకుపోతావ్."

"నువ్వొస్తే వస్తా."

ఆర్నే చెయ్యెత్తి వాడి మెడచుట్టూ వేశాడు. ఆ ఊళ్లో మగవాళ్లు చేసే పని కాదది. ఇద్దరూ అలాగే లోపలికి నడిచారు.