పట్టాల అవతల ప్రస్థానం

కార్డన్ జంక్షన్‌ని ఊరు అనాలంటే కాస్త మొహమాటపడాలి. ఆవిరి ఇంజన్లకు దారిలో నీళ్లు కావాలని రైలు కంపెనీ వాళ్లు ఇల్లినాయ్ మొక్కజొన్న చేల మధ్య ఓ ట్యాంకు కట్టారు, దాని చుట్టూ ఊరు లేచింది. ఒకప్పుడు రెండు వేల నాలుగొందల మంది, మూడు హోటళ్లు! డీజిల్ ఇంజన్లొచ్చాక నీళ్ల అవసరం పోయింది, రైళ్లలో మనుషులు దిగడం మానేశారు, ఊళ్లో వాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. ఇప్పుడు ఆరొందల పదకొండు మంది. అందులో తెలుగు మనిషి చంద్రిక ఒక్కతే. ఆర్నెల్లకని వచ్చిన వాళ్లమ్మ జ్ఞానప్రసూన లెక్కలోకి రాదు.

ధాన్యం కంపెనీలో చంద్రిక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి యాభై మూడు రోజులైంది. అరవై రోజుల్లోగా ఇంకో కంపెనీ వీసా ఫైల్ చేయాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. ఇన్నాళ్లకు ఒకే ఒక్క ఇంటర్వ్యూ తగిలింది, అరోరాలో, మంగళవారం పొద్దున పదింటికి. ఆ రోజే తేల్చేస్తామన్నారు.

జ్ఞానప్రసూన పంచాంగం తీసింది. "సరిగ్గా బయల్దేరే వేళకే వర్జ్యం తగలడిందే! సోమవారం సాయంత్రం ప్రస్థానం పెట్టేద్దాం."

మంచి వేళలో సామాను ఇంకొకరింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టని ఆవిడ నమ్మకం. పక్కింట్లో పెట్టొచ్చు కదా అంటే, పక్కింట్లో ఎవరున్నారు గనక? వీధిలో తొమ్మిది ఇళ్లుంటే ఎనిమిదింటికి తాళాలే. తెలిసిన మనిషల్లా పట్టాల అవతలి ఎర్ల్, ఎనభై ఏళ్ల రిటైర్డ్ రైల్వే గార్డు. చంద్రికకు ఒళ్లు మండింది. కానీ అమ్మతో వాదన పెట్టుకుంటే తెమిలేది కాదు. నడిచి వెళ్లి బ్యాగు ఎర్ల్ ఇంట్లో పెట్టొచ్చింది. కారు తాళం బ్యాగులోనే ఉండిపోయింది. సెకండ్ హ్యాండ్ కారు, ఉన్నది ఆ ఒక్క తాళమే.

మంగళవారం ఏడింటికి తల్లీకూతుళ్లు పట్టాల దగ్గరికొచ్చేసరికి గూడ్సు బండి అడ్డంగా నిలబడి ఉంది. అటు చూసినా వ్యాగన్లే, ఇటు చూసినా వ్యాగన్లే.

"ఎదురు రైలు వచ్చేదాకా కదల్దు," వ్యాగన్ల సందులోంచి అవతల ఎర్ల్ అరిచాడు. "గంటో, మూడు గంటలో! కింద నుంచి మాత్రం దూరకు. ఇది చెప్పి కదిలేది కాదు."

ఎనిమిదయింది. ఎనిమిదింపావు అయింది. అరోరా గంటన్నర దారి. అక్కడికి ఫోన్ చేస్తే ఇంకా ఎవరూ ఎత్తలేదు, మెసేజ్ పెట్టింది. ఈ ఊళ్లో ఊబర్ ఎక్కడిది! ఇంటి ముందు కారుంది, ఎదురుగా రోడ్డుంది, కాళ్లకు మాత్రం సంకెళ్లు.

"నీ వర్జ్యం, నువ్వూ! నా బతుకు తగలెట్టావమ్మా!" చంద్రిక అనేసింది.



అవతల ఎర్ల్‌కు జాలేసింది. బ్యాగులోంచి తాళం తీసి సందులోంచి విసిరాడు. ముసలి చెయ్యి, ఎంత దూరం వెళ్తుంది? తాళం వ్యాగన్ కింద, రెండు పట్టాల మధ్య పడింది.

ఎర్ల్ కదలొద్దని అరుస్తూనే ఉన్నాడు. చంద్రిక ఆ తాళం వంకే చూస్తూ నిలబడింది. పక్కన చీర కుచ్చిళ్లు ఎగదోపిన చప్పుడు కూడా వినలేదు. తలతిప్పేసరికి అమ్మ మోకాళ్ల మీద ఉంది, తల అప్పటికే వ్యాగన్ కిందికి వెళ్లింది.

"అమ్మా!"

నడుం పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇద్దరూ కంకర మీద వెల్లకిలా పడ్డారు. అంతలోనే ఆ చివరి నుంచి ధన్ ధన్ ధన్‌మని చప్పుడు పరుగెత్తుకొచ్చింది, చక్రం కదిలింది. బండి రెండు వ్యాగన్ల దూరం జరిగి మళ్లీ ఆగింది.

"అందేదే," జ్ఞానప్రసూన అంది. "ఇంకొక్క జానెడు. అందేదే, తల్లీ."

తొమ్మిదయింది. చంద్రిక జేబులో ఫోన్ మోగింది. అరోరా వాళ్లదే అయ్యుంటుంది. అమ్మ చుట్టూ వేసిన చేతుల్లో ఒక్కటి కూడా ఆమె తీయలేకపోయింది.